ఎవరి కర్మ? గర్భిణి రక్తపోటుపై ఒక విచారణ

గర్భవతికి రక్తపోటు పెరిగిందని తెలిసినప్పుడు నెల్లూరు తీరంలోని ఇళ్లలో, అది కృష్ణపట్నం రేవు పక్కనున్న కాలనీ అయినా, మైపాడు దగ్గర పట్టపు మత్స్యకారుల పల్లె అయినా, రెండు ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇప్పుడేం చేయాలన్నది మొదటి ప్రశ్న. దానికి ఆసుపత్రి సమాధానం చెబుతుంది. ఈమెకే ఎందుకు వచ్చిందన్నది రెండో ప్రశ్న. దానికి వైద్యులు ‘ముప్పు కారకాలు’ అనే మాటతో జవాబిస్తే, ఇంట్లో పెద్దలు ‘కర్మ’ అనో, ‘తలరాత’ అనో, ఆవకాయ మానమంటే మానలేదనో జవాబు చెప్పుకుంటారు. ఈ రెండు భాషలకూ పొత్తు కుదరదని, ఒకటి శాస్త్రమని, రెండోది మూఢత్వమని చదువుకున్నవారు సాధారణంగా తోసిపుచ్చుతారు. కర్మ సిద్ధాంతాన్ని దాని మూల గ్రంథాల్లో వెతికి చూస్తే ఆ తోసిపుచ్చడం తొందరపాటని తేలుతుంది. అంతకంటే ముఖ్యంగా, జబ్బుపడిన గర్భిణిని నిందించడానికి ఆ సిద్ధాంతాన్ని వాడుకోవడం ఆ గ్రంథాలకే విరుద్ధమని కూడా తేలుతుంది.

ముందుగా జబ్బు స్వరూపాన్ని తెలుసుకోవాలి. గుండె ముడుచుకున్నప్పుడు రక్తనాళాల గోడలపై పడే ఒత్తిడిని పై అంకె, గుండె విప్పారినప్పటి ఒత్తిడిని కింది అంకె తెలుపుతాయి. గర్భిణిలో పై అంకె 140ని గానీ, కింది అంకె 90ని గానీ చేరితే దానిని అధిక రక్తపోటుగా లెక్కిస్తారు, 160ని గానీ 110ని గానీ చేరితే ఆలస్యం చేయరాని స్థితిగా పరిగణిస్తారు. గర్భం నిలవకముందే ఉన్నది, లేదా 20 వారాలలోపే బయటపడినది దీర్ఘకాలిక రక్తపోటు. 20 వారాలు నిండాక కొత్తగా వచ్చేది గర్భకాల రక్తపోటు. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, మూత్రపిండాలు, కాలేయం, మెదడు వంటి అవయవాలు దెబ్బతింటున్న సూచనలో కనిపిస్తే దానికి ప్రీ-ఎక్లాంప్సియా అని పేరు. అది ముదిరి మూర్ఛలు వస్తే ఎక్లాంప్సియా, అంటే తెలుగు పల్లెల్లో గుర్రపువాతమని పిలిచే జబ్బు. 2003 నుంచి 2009 వరకు ప్రపంచంలో జరిగిన మాతృమరణాల కారణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లెక్కగట్టినప్పుడు, వాటిలో సుమారు 14 శాతం రక్తపోటు సంబంధమైన వ్యాధుల వల్లేనని తేలింది.

ఈ జబ్బుకు మూలం గర్భాశయంలో, బిడ్డకు తల్లి నుంచి ప్రాణవాయువునూ ఆహారాన్నీ అందించే మాయలో ఉంది. గర్భం తొలి నెలల్లో మాయ కణాలు తల్లి గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి సన్నని మెలికల ధమనులను వెడల్పాటి కాలువలుగా మలుస్తాయి. ఆ పని సగంలో ఆగిపోతే నెలలు పెరిగేకొద్దీ మాయకు రక్తం చాలదు. అలా బాధపడుతున్న మాయ కొన్ని రసాయనాలను తల్లి రక్తంలోకి విడుదల చేస్తుంది, అవి ఆమె ఒంట్లోని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. ప్రీ-ఎక్లాంప్సియాకు ఇంతవరకు తెలిసిన అసలైన విరుగుడు ప్రసవం ఒక్కటే కావడానికి కారణం ఇదే. వ్యాధి బీజం పడేది మూడు నాలుగు నెలలకే అయినా, అది బయటికి కనిపించేది అయిదో నెల దాటిన తర్వాతే అన్న సంగతి ఈ విచారణకు ముఖ్యం. ఏడో నెలలో ఆమె ఏం తిన్నది, ఏ పని చేసింది, ఎవరితో గొడవపడింది అని వెతికేవారు, అప్పటికి ఎన్నో వారాల ముందే మొదలైపోయిన దానికి కారణం వెతుకుతున్నారు.

ఇక ముప్పు కారకాల సంగతి. గతంలో ఒకసారి ఈ జబ్బు వచ్చిన స్త్రీకి మళ్లీ వచ్చే అవకాశం మిగతావారికంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. కవలలు కడుపులో ఉంటే, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇది వచ్చి ఉంటే, లేదా ఇదే తొలి కాన్పు అయితే సుమారు మూడు రెట్లు ఎక్కువ. ముందునుంచే రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, లూపస్ వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదికే తిరగబడే జబ్బులు ఉన్నా, స్థూలకాయం ఉన్నా, వయసు 35 దాటినా, ముందు కాన్పుకూ దీనికీ పదేళ్లకు మించి ఎడం ఉన్నా, కృత్రిమ గర్భధారణ పద్ధతిలో గర్భం నిలిచినా ముప్పు పెరుగుతుంది. ఈ జాబితాను నీతిశాస్త్రం దృష్టితో చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. తొలిచూలు కావడం తప్పు కాదు, ప్రతి తల్లీ ఒకసారి తొలిచూలింతే. కవలలు పుట్టడాన్ని ఇల్లు వరమంటుంది. తల్లి ఒంటి తత్వం కూతురికి రావడంలో కూతురి ప్రమేయం ఏమీ లేదు. గర్భిణి తాను ఎంచుకొని చేసిన పనులు ఈ జాబితాలో వెతికి వెతికి చూసినా బహు కొద్ది.

ఇక్కడ భారతీయ తర్కశాస్త్రం అడిగే ప్రశ్న ఒకటుంది. ముప్పు కారకం అనే దానిని కారణమనవచ్చునా? ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన 17వ శతాబ్ది పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో కారణాన్ని, కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేదిగా నిర్వచించాడు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు దానికి ‘అనన్యథాసిద్ధం’ అనే మరో షరతు చేర్చారు, అంటే ఆ ముందుండడం కాకతాళీయంగా ఉండకూడదు, కార్యం జరగడానికి అది నిజంగా అవసరమై ఉండాలి. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, చక్రం కారణం. మట్టిని మోసుకొచ్చిన గాడిద కుండకు ముందు అక్కడ ఉన్నా కారణం కాదు, ఆ మట్టిని బండిమీద తెచ్చినా కుండ తయారవుతుంది. ఈ గీటురాయి మీద పెడితే ముప్పు కారకాల్లో ఒక్కటీ నైయాయికుడి కారణంగా నిలవదు. తొలిచూలింతలు వందమందిలో 90 మందికి పైగా ఈ జబ్బు లేకుండానే కాన్పు దాటుతారు, మలిచూలులో మొదటిసారి దీని బారిన పడేవారూ ఉన్నారు. కాబట్టి తొలిచూలుకూ జబ్బుకూ తప్పనిసరి సంబంధం లేదు. అలాగని అది గాడిద వంటిదీ కాదు, ఎందుకంటే వేలమందిని లెక్కించినప్పుడు ఆ సంబంధం మళ్లీమళ్లీ కనిపిస్తూనే ఉంది.

ముప్పు కారకమన్నది, ఈ లెక్కన, పాత తర్కశాస్త్రం పేరు పెట్టని ఒక మధ్యస్థ వస్తువు. అది సమూహం గురించి నిజం చెబుతుంది; ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పదు. కారణ సామగ్రి, అంటే కార్యం జరగడానికి కావలసిన కారణాలన్నీ ఒకచోట కూడడం, అనే నైయాయికుల భావన ఇక్కడ కొంత దగ్గరగా వస్తుంది. సామగ్రిలో ఒక భాగం అక్కడ ఉన్నదని ముప్పు కారకం తెలుపుతుంది, మిగతా భాగాలు చేరాయో లేదో చెప్పలేదు. ‘ఈమెకు బీపీ రావడానికి కారణం ఈమె బరువు’ అన్న వాక్యం ఇందువల్లే తర్కరీత్యా తప్పు. ‘ఈమె బరువు ఉన్నవారిలో మిగతావారికంటే ఎక్కువమందికి వస్తుంది గనుక ఈమెను దగ్గరగా కనిపెట్టి చూడాలి’ అన్న వాక్యమే సరైనది. మొదటి వాక్యం వెనక్కి తిరిగి దోషిని వెతుకుతుంది, రెండోది ముందుకు చూసి కర్తవ్యాన్ని చెబుతుంది. ఇళ్లలోనూ, ఒక్కోసారి ఆసుపత్రుల్లోనూ, రెండో వాక్యాన్ని చెప్పవలసిన చోట మొదటి వాక్యం వినబడుతుంది. ఆ పొరపాటు ఖరీదు ఆ తల్లి మనసులో మిగిలిపోయే అపరాధభావం.

నెల్లూరు తీరంలో ఈ దోషాన్వేషణ అన్నిటికంటే ముందు ఉప్పు మీద పడుతుంది. అల్లూరు ప్రాంతంలోని ఇస్కపల్లి ఉప్పు కొటార్లకు పేరు. ఒకప్పుడు బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద ఇక్కడి ఉప్పు మద్రాసు దాకా సాగింది. చేపను ఉప్పు పట్టించి ఇసుకమీద ఎండబెట్టడం పట్టపు ఆడవాళ్ల తరతరాల జీవనాధారం. ఉప్పుచేప తిన్నందుకే కాళ్లకు నీరు దిగిందని, బీపీ పెరిగిందని గర్భిణికి చప్పిడి కూడు పెట్టడం అందుకే ఇక్కడ సహజంగా తోస్తుంది. పెద్దవారిలో ఏళ్ల తరబడి సాగే మామూలు రక్తపోటులో ఉప్పుకు నిజంగానే పెద్ద పాత్ర ఉంది, రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అయితే ప్రీ-ఎక్లాంప్సియాను ఆపడానికి గర్భకాలంలో ఉప్పు తగ్గించి చూసిన పరీక్షల్లో ప్రయోజనం కనబడలేదు; ఆ ఉద్దేశంతో ఉప్పు తగ్గించడాన్ని సిఫారసు చేయబోమని అదే సంస్థ 2011లో స్పష్టంగా ప్రకటించింది. చప్పిడి కూడు సహించక ఆమె తిండే మానేస్తే, నష్టం తల్లికీ బిడ్డకూ కూడా.

ఈ దోషాన్వేషణకు పాత గ్రంథాల్లో మూలం లేదని చెప్పడం నిజాయితీ కాదు. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత శారీర స్థానంలో, గర్భిణి చేసే ఏ పని వల్ల బిడ్డకు ఏ లోపం వస్తుందో చెప్పే సుదీర్ఘమైన పట్టిక ఒకటుంది. నిత్యం ఉప్పు ఎక్కువ తినే తల్లికి పుట్టినవారికి తొందరగా ముడతలు పడి, జుట్టు నెరసి, బట్టతల వస్తుందని అందులో ఉంది. వెల్లకిలా పడుకోవడం దగ్గర్నుంచి కోపం దాకా ప్రతిదానికీ ఆ పట్టికలో ఒక శిక్ష ఉంది. అది ఆనాటి పరిశీలనకు అందిన మేరకు చెప్పిన మాట. దానిని నేడు యథాతథంగా పట్టుకు వేలాడవలసిన పని లేదు. ఆ పట్టిక తర్వాత వెంటనే వచ్చే ఉపమానం మాత్రం ఎన్నటికీ పాతబడేది కాదు: అంచుదాకా నూనె నింపిన పాత్రను తొణకకుండా మోసేవాడు ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంత జాగ్రత్తగా గర్భిణికి ఉపచారం చేయాలని చరకుడు చెబుతాడు. ఆ ఉపమానంలో పాత్ర గర్భిణి, మోసేవారు ఆమె చుట్టూ ఉన్నవారు. పాత్ర తొణికితే పాత్రను తిట్టేవాడు లోకంలో ఉండడు.

ఉప్పు నిర్దోషి అని అంతటితో వదిలేయడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఈ తీరంలో ఉప్పు కంచంలోంచి మాత్రమే రాదు, బావిలోంచి కూడా వస్తుంది. బంగ్లాదేశ్ తీరంలోని ఖుల్నా జిల్లాలో, సముద్రపు ఉప్పు చొచ్చుకువచ్చిన నీరు తాగే గర్భిణులను పరిశీలించిన పరిశోధకులు, తాగునీటిలో లవణం పెరిగేకొద్దీ గర్భకాల రక్తపోటు, ప్రీ-ఎక్లాంప్సియా పెరుగుతున్నాయని 2011లోనూ 2014లోనూ ప్రచురించిన అధ్యయనాల్లో చూపారు. వర్షాకాలంలో కంటే నీరు చిక్కబడే పొడి కాలంలో ఆ బాధ ఎక్కువగా కనిపించింది. ఇది సంబంధం మాత్రమే, తిరుగులేని కారణమని ఇంకా రుజువు కాలేదు. అయినా నెల్లూరు తీరం ఈ సంగతి పట్టించుకోక తప్పదు. 1990ల్లో ఇక్కడ రొయ్యల గుంటలు వ్యాపించినప్పుడు ఊళ్లలో మంచినీళ్లు ఉప్పుబారడం దేశం దృష్టికి వచ్చింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల సాగుపై ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు నేపథ్యంలో నెల్లూరు జిల్లాలోని కుర్రు అనే మత్స్యకార పల్లెలో తాగునీరు కరువైన విషయం కూడా ఉంది. గుంటలో ఉప్పునీరు నింపినవారు ఒకరు, ఆ లాభం తిన్నవారు ఇంకొకరు, అనుమతులు చూడవలసినవారు మరొకరు. ఆ బావి నీళ్లు కడుపుతో ఉండి తాగినది వేరొకరు.

ఇలాంటి స్థితిని కర్మ సిద్ధాంతం ఎలా అర్థం చేసుకుంటుందన్న ప్రశ్నకు చరక సంహితలోనే, విమాన స్థానం మూడో అధ్యాయంలో, ఆశ్చర్యకరమైన జవాబుంది. గంగ ఒడ్డున కాంపిల్య నగరంలో ఆత్రేయుడు శిష్యుడైన అగ్నివేశుడికి ‘జనపదోధ్వంసం’ గురించి, అంటే తత్వాలు వేరైన మనుషులంతా ఒకే కాలంలో ఒకే జబ్బున పడి ఊళ్లకు ఊళ్లు నశించడం గురించి చెబుతాడు. మనుషుల తిండీ, బలమూ, వయసూ వేరువేరుగా ఉన్నా అందరికీ ఉమ్మడిగా ఉండేవి గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగు. అవి చెడితే ఊరంతా చెడుతుంది. అవి ఎందుకు చెడతాయంటే అధర్మం వల్ల. ఆ అధర్మం ముందుగా దేశానికీ నగరానికీ పెద్దలుగా ఉన్నవారి దగ్గర మొదలై, వారిని అనుసరించేవారికీ వ్యాపారులకూ పాకుతుందని ఆ అధ్యాయం చెబుతుంది. దాని మూలాన్ని ఆత్రేయుడు ప్రజ్ఞాపరాధమన్నాడు: బుద్ధి, నిగ్రహం, జ్ఞాపకం తప్పి మనిషి చేసే తప్పు. నీరు చెడిన ఊళ్లో ఒక స్త్రీ జబ్బుపడితే అది ఆమె కర్మ అని ఈ అధ్యాయాన్ని చదివినవారు అనలేరు. అక్కడ కర్మ ఉంది, కాని ఆ కర్త వేరు.

అదే అధ్యాయంలో అగ్నివేశుడు ఇంకో ప్రశ్న వేస్తాడు: ఆయుర్దాయం ముందే నిర్ణయమై ఉంటుందా? ఆత్రేయుడి సమాధానంలో దైవం అంటే గత జన్మల్లో చేసిన పని, పురుషకారం అంటే ఈ జన్మలో చేస్తున్న పని. దైవం బలహీనమైతే బలమైన పురుషకారం దానిని గెలుస్తుంది, దైవం బలమైతే పురుషకారం ఓడుతుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులూ మంత్రాలూ ఎవరికీ అక్కరలేదు, మదపుటేనుగును చూసి ఎవరూ పక్కకు తప్పుకోరని ఆయన వాదిస్తాడు. తర్వాత బండి ఇరుసు పోలిక తెస్తాడు. చక్కని ఇరుసు చాలాకాలం నడిచి అరిగి విరగడం ఒకటి. మోయలేని బరువు, గతుకుల బాట, పోయిన శీల, అందని కందెన, ఎడ్ల తప్పు, తోలేవాడి తప్పు, వీటిలో ఏదో ఒకదాని వల్ల నడిమిలోనే విరగడం ఇంకొకటి. ఆధునిక ముప్పు కారకాల జాబితాను ఈ పోలిక పక్కన పెడితే రెండూ ఒకే రకపు ఆలోచన అని స్పష్టమవుతుంది. బరువూ, బాటా, కందెనా, తోలేవాడూ అన్నిటినీ లెక్కలోకి తీసుకున్న ఆ ప్రాచీన వైద్యుడు, విరిగినందుకు ఇరుసును మాత్రం దోషిగా నిలబెట్టలేదు.

దైవ పురుషకారాల ఈ చర్చకు నెల్లూరుతో మరో బంధం ఉంది. 13వ శతాబ్దిలో ఇక్కడ మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, విరాటపర్వం మొదలు చివరి వరకు 15 పర్వాల మహాభారతాన్ని తెలుగుచేశాడు. ఆ పర్వాల్లో ఒకటైన ఆనుశాసనిక పర్వపు సంస్కృత మూలంలో, దైవం గొప్పదా పురుషకారం గొప్పదా అని ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. అక్కడ వచ్చే ఉపమానంలో పురుషకారం పొలం, దైవం విత్తనం. పొలం లేనిదే విత్తనం మొలవదు, రెండూ కలిస్తేనే పంట. ఈ బీజక్షేత్ర ఉపమానాన్నే సంప్రదాయం స్త్రీపురుషులకు కూడా అన్వయించి, స్త్రీని క్షేత్రమన్నది. పంట చెడితే నింద నేలమీదికే పోవడం అలా అలవాటైంది. ఆధునిక పరిశోధన ఈ అలవాటును గట్టిగా ఎదిరిస్తుంది. మాయ తల్లి సొంత అవయవం కాదు, పిండం నుంచే ఏర్పడేది, కాబట్టి అందులో సగం వారసత్వం తండ్రిది. ఒక స్త్రీతో ప్రీ-ఎక్లాంప్సియా గర్భానికి తండ్రి అయిన పురుషుడు వేరే స్త్రీతో బిడ్డను కన్నప్పుడు ఆమెకూ ఆ జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెండింతలని నార్వేలో జననాల నమోదులను పరిశీలించి 1998లో ప్రచురించారు. కోడలి పుట్టింటి వంశాన్ని ఆరాతీసే ఇల్లు కొడుకు పుట్టుక సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. ఆ కొడుకును కన్నప్పుడు అత్తకు బీపీ వచ్చిందా అన్నది వైద్యుడికి పనికొచ్చే ప్రశ్న.

బాధ ఎవరి కర్మ అన్న ప్రశ్నను ఇతర మతాలు కూడా ఎదుర్కొన్నాయి, అవి ఇచ్చిన జవాబులు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంటాయి. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే, పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు మొదలైన ఎనిమిది హేతువులు చెప్పి, కర్మఫలాన్ని ఆ ఎనిమిదిలో ఒకటిగా మాత్రమే బుద్ధుడు లెక్కించినట్లు పాళీ సంయుత్తనికాయంలో ఉంది; అంతా కర్మే అనడం కళ్లెదుట తెలిసినదానిని దాటిపోవడమని ఆయన అభిప్రాయం. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరు చేరినప్పటినుంచి ఈ ప్రాంతంలో వినబడుతున్న యోహాను సువార్తలో, పుట్టుగుడ్డివాడిని చూసి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, యేసు ఇద్దరూ కాదంటాడు. పాపమెవరిదని వెతకడం మానవస్వభావం. ఆ వెతుకులాటను మధ్యలోనే ఆపినవారు ఇద్దరూ తమ మతాల్లో శిఖరాలు.

అలాగని ఎవరి తప్పూ ఎక్కడా లేదనడం కూడా సత్యం కాదు, ఈ విషయంలో మాట మెత్తబరచడం తల్లులకు మేలు చేయదు. 20 ఏళ్లలోపు గర్భిణులకు ఎక్లాంప్సియా ముప్పు 20–24 ఏళ్లవారికంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. ఆ పిల్ల తన పెళ్లి ముహూర్తం తాను పెట్టుకోలేదు. ఇక్కడ కర్మ అనే మాటకు నిజమైన అర్థం, అంటే చేసిన పని అనే అర్థం, తీసుకుంటే దాని కర్తలు పెళ్లి కుదిర్చిన పెద్దలు. అదే సర్వేలో రాష్ట్రంలోని స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువున్నవారు, సుమారు నాలుగో వంతు రక్తపోటు ఉన్నవారు; గర్భం రాకముందే ఒకసారి బీపీ, చక్కెర చూపించుకునే అలవాటు పల్లెల్లో ఇంకా లేదు. స్త్రీకి జబ్బు ఉందో లేదో గర్భం వచ్చాకే తెలిసే సమాజం ఆమె ఆరోగ్యాన్ని ఆమె కోసం కాక బిడ్డ కోసమే చూస్తున్నదని ఒప్పుకోవాలి.

విశ్వాసానికీ వైద్యానికీ నడుమ ఎంచుకోవలసిన అగత్యం ఏ గర్భిణికీ లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగకు మతభేదం లేకుండా జనం వస్తారు; సంతానం కోరేవారు సంతాన రొట్టెను, ఆరోగ్యం కోరేవారు ఆరోగ్య రొట్టెను, ఇదివరకు అదే కోరిక తీరినవారి చేతినుంచి అందుకుంటారు, తమ కోరిక తీరాక తిరిగి వచ్చి అదే కోరిక రొట్టెను ఇంకొకరికి ఇస్తారు. తనకు అందిన మేలు తనతో ఆగిపోకూడదన్న ఈ ఆచారంలో ఒక గట్టి ధర్మం ఉంది. సంతాన రొట్టె ఇవ్వడానికి వచ్చిన తల్లి, తన గర్భకాలంలో బీపీ వచ్చి తగ్గిన సంగతిని, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లినదీ, ఏం చేస్తే నెమ్మదించినదీ కూడా అందుకునే ఆమెకు చెప్పగలిగితే ఆ ఆచారం అర్థం ఏమీ తగ్గదు. దేవుడిమీద భారం వేసి ఒంటెను విప్పి వదిలేయనా అని అడిగినవానితో ప్రవక్త ముందు ఒంటెను కట్టివేసి ఆపైన భారం వేయమన్న హదీసు ముస్లిం ఇళ్లలో అందరికీ తెలిసినదే.

ఒంటెను కట్టే తాళ్లు నేడు చవకగానే దొరుకుతాయి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 12 వారాల ప్రాంతంలో మొదలుపెట్టి రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. 2017లో వెలువడిన ఆస్‌ప్రే అనే పెద్ద పరీక్షలో, రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకున్న అధిక ముప్పు గర్భిణుల్లో, నెలలు నిండకముందే ప్రసవం చేయవలసివచ్చేంత ప్రీ-ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఆహారంలో కాల్షియం తక్కువైన చోట కాల్షియం మాత్రలు ముప్పును తగ్గిస్తాయి, మన ప్రభుత్వ కేంద్రాల్లో అవి ఉచితం. జబ్బు ముదిరిన తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే మూర్ఛలు వచ్చే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని, 33 దేశాల్లో 10 వేలమందికి పైగా స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన మాగ్‌పై పరీక్ష నిరూపించింది. ఈ అంకెలు పురుషకారం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండింటినీ చెబుతున్నాయి. మాత్ర ఇచ్చినా ఆ 1.6 శాతం తల్లులకు జబ్బు వచ్చింది. వారిలో చేయవలసినదంతా చేసినవారూ ఉన్నారు. వారి దగ్గరకు వెళ్లి ఏం తప్పు చేశావని అడిగే హక్కు ఏ శాస్త్రమూ, ఏ మతమూ ఎవరికీ ఇవ్వలేదు. చరకుడు బలమైన దైవమన్నదీ, వైద్యుడు ఇంకా తెలియని కారణమన్నదీ ఈ చోటికే వచ్చి నిలుస్తాయి.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు వైద్యులు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ పథకం నియమాల్లో ముప్పు ఎక్కువగా ఉన్నవారి కార్డుకు ఎర్ర చీటీ, గర్భకాల రక్తపోటు ఉన్నవారి కార్డుకు నీలి చీటీ అంటించే పద్ధతి ఉంది. నొసటి రాతను ఎవరూ చదవలేరు, మార్చలేరు. ఈ చీటీని ఆశా కార్యకర్త చదువుతుంది, 108 వాహనం నడిపే మనిషి చదువుతాడు, రాత్రి రెండు గంటలకు కాన్పు గదిలో ఉన్న నర్సు చదువుతుంది. చీటీ పడిందని ఇంట్లో సిగ్గుపడి కార్డును పెట్టె అడుగున దాచడం వల్ల ఆ చదివేవాళ్లందరి కళ్లకూ గంతలు కట్టినట్టవుతుంది.

తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం లేదా కళ్లముందు మెరుపులు, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ముఖమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వేటకు వెళ్లిన మగవాళ్లు ఒడ్డుకు వచ్చేదాకా ఆగకూడదు. ప్రసవంతో అంతా ముగిసిందని కూడా అనుకోకూడదు. బిడ్డ పుట్టిన తర్వాత ఆరు వారాల వరకు ఈ జబ్బు కొత్తగా కూడా రావచ్చు. ఆ రోజుల్లో బాలింతను పురిటి గదిలో వేరుగా ఉంచి పథ్యం పెట్టే పుట్టింటివారు బీపీ కొలిచే మనిషికి మాత్రం ఆ గది తలుపు తెరిచే ఉంచాలి.